సెమీ క్రిస్మస్‌కి కలిసే సంఘాలు సమాధుల జాగా కోసం ఎందుకు కలవవు?

బాప్టిస్టు_టీచర్
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులుగా ఆలోచిస్తున్నా. ఇవాళ ఆరాధన అయ్యి ఇంటికొచ్చాక ఇంక ఆగలేకపోయా.

మాది వరంగల్‌కి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక మండల కేంద్రం. చిన్న ఊరే కానీ చర్చిలు పదకొండు. బాప్టిస్టు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బ్రదరన్, పెంతెకోస్తు రెండు, మిగతావన్నీ ఇండిపెండెంట్. డిసెంబర్ వచ్చిందంటే, పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌కి అందరం కలుస్తాం. జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో స్టేజీ, సీరియల్ లైట్లు, నాయకులకు శాలువాలు, కేకు, వచ్చినోళ్లందరికీ బిర్యానీ. పాస్టర్లందరూ ఒకే వరసలో కూర్చుంటారు. చూస్తుంటే నాకు కూడా సంతోషంగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మొన్న ఆగస్టులో మా మేనత్త చనిపోయింది. ఇరవై ఏళ్లుగా ఒక ఇండిపెండెంట్ సంఘంలో విశ్వాసి. ఆ సంఘానికి సమాధుల జాగా లేదు. పెద్ద సంఘం ఒకదాని కమిటీని అడిగితే "ఆమెకు మా దగ్గర మెంబర్‌షిప్ లేదు, మా వాళ్లకే జాగా సరిపోతలేదు" అన్నారు. ఇంకో సంఘం పెద్దలు ఫోనే ఎత్తలేదు. ఎప్పుడో సర్కారు వాళ్లు క్రైస్తవుల శ్మశానానికని చూపించిన జాగా ఒకటుంది, ఎకరం ఇరవై గుంటలు. దాని ముందు ప్లాట్లు చేసిన వాళ్లు కడీలు పాతి దారి మూసేశారు. పైన ఎడతెగని వాన. ఫ్రీజర్ బాక్సు అతను సాయంత్రం ఇంకో ఊళ్లో చావు ఉంది, బాక్సు కావాలని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, అతన్ని ఏమనగలం. చివరికి మా బావ తన పొలంలోనే మోటారు షెడ్డు పక్కన గుంత తవ్వించాడు. తవ్వుతుంటేనే నీళ్లు ఊరుతున్నాయి. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూ ఉంటే మేం పెట్టె దింపాం. పెట్టె కింద నీళ్లు కదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఆ రోజు ప్రార్థన చేయడానికి నలుగురు పాస్టర్లు వచ్చారు. నలుగురూ మంచి ప్రార్థనలు చేశారు. కానీ ఆ నలుగురూ కలిసి ఒక్క కాగితం మీద సంతకం పెట్టి తహసీల్దార్ దగ్గరికి పోయి ఉంటే మా అత్త నీళ్లలో పండుకునేది కాదు. ఇది నేను కోపంతో అనడం లేదు. ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి ఒక న్యాయం కోసం నిలబడిన సందర్భం మీలో ఎవరైనా చూశారా? చూస్తే అది ఎట్లా జరిగిందో చెప్పండి. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.


డోర్నకల్_లైన్
ఆదివారం, రాత్రి 9:50

అన్నా, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. అత్తగారి ఆత్మకు శాంతి కలగాలి.

కలవడం మన గడ్డ మీద కొత్త సంగతేం కాదు, అది మొదట చెప్పాలి. మా డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయినాయన, తన జీవితంలో సగం ఈ పని మీదే పెట్టారు. 1919లో తమిళనాడు వైపు తరంగంబాడిలో కూర్చుని, వేరు వేరు మిషన్ల వాళ్లు కలిసి ఒకే సంఘం కావాలని ప్రకటన రాయించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. దాని ఫలం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ పుట్టడం. ఆయన చూడలేదు, 1945 జనవరి 1న పోయారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు ఒకటయ్యారు. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. అందుకే మీ ఊళ్లో బాప్టిస్టు కమిటీ వేరు, సీఎస్ఐ కమిటీ వేరు, సమాధుల తోటలు వేరు. ఆ గోడ ఇప్పటిది కాదు.

రాజకీయాల విషయంలో కూడా ఆయన మౌనంగా లేరు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించారు. మనం ఒక కులం లాగా మూల కూర్చుని మన వాటా మనం అడుక్కుంటే సంఘం సంఘంగా మిగలదని ఆయన భయం. అదే మనిషిని గాంధీ గారు మతమార్పిడుల విషయంలో తప్పుపట్టారు కూడా. రెండు వైపులా మాట పడ్డారు. డోర్నకల్ కెథెడ్రల్ చూసిన వాళ్లకు తెలుస్తుంది, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాల పోలికలు కలిపి కట్టించారు. 1939లో ప్రతిష్ఠ. మా తాత ఆ ప్రతిష్ఠకు ఎడ్లబండి మీద పోయిండట. నేను ఇప్పటికీ ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఈ మాటలు గుర్తొస్తాయి.


వాక్యమే_ఆధారం
ఆదివారం, రాత్రి 10:31

సహోదరుడా, మీ దుఃఖంలో నేనూ ఉన్నాను. కానీ ఒక మాట చెప్పక తప్పదు. సంఘం పని సువార్త. రోమా 13 చదవండి, అధికారులకు లోబడమని ఉంది. ధర్నాలు, ర్యాలీలు, మెమోరాండాలు మన పిలుపు కాదు.

ఇంకోటి, ఇది అనుభవంతో చెప్తున్నాను. మొన్న అసెంబ్లీ ఎన్నికల ముందు మా దగ్గర పాస్టర్లందర్నీ ఫంక్షన్ హాల్‌కి పిలిచారు. భోజనం పెట్టారు. పోయేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో కవర్ పెట్టారు. ఐక్యత అనే పేరుతోనే పిలిచారు. ఆ తర్వాత ఆదివారం ఎవరు ఏ ప్రార్థన చేశారో నేను రాయను. మీరు న్యాయం కోసం కలుద్దాం అంటున్నారు, మీ మనసు మంచిదే. కానీ కలిపే వాళ్ల చేతిలో ఎప్పుడూ కవర్ ఉంటుంది.


బాప్టిస్టు_టీచర్
ఆదివారం, రాత్రి 10:58

అన్నా, కవర్ల సంగతి మీరన్నది నిజం, నాకూ తెలుసు. కానీ కవర్ తీసుకోవడం వేరు, కాగితం రాయడం వేరు. ఆ రెండింటినీ ఒకే మూటలో కట్టొద్దని నా మనవి.

మార్టిన్ లూథర్ కింగ్ ఎవరు? బాప్టిస్టు పాస్టర్. 1955 డిసెంబర్‌లో అమెరికాలోని మాంట్‌గోమరీలో బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్నందుకు నల్లజాతి స్త్రీ రోసా పార్క్స్ గారిని అరెస్టు చేస్తే ఊళ్లో పాస్టర్లు కలిసి సంఘంగా ఏర్పడి ఆయన్ని అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. 381 రోజులు బస్సు ఎక్కలేదు జనం. చర్చిల్లోనే మీటింగులు, చర్చిల్లోనే పాటలు, ఎవరి కారులో ఎవరు పోవాలో కూడా చర్చిల్లోనే రాసుకున్నారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష మీద పోరాడిన బిషప్ డెస్మండ్ టూటూ గారు చర్చిల కౌన్సిల్‌కి జనరల్ సెక్రటరీగా ఉన్నప్పుడే 1984లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్లు రోమా 13 చదవలేదంటారా?

నాబోతు ద్రాక్షతోట గురించి మన మందిరాల్లో ఎన్ని ప్రసంగాలు విన్నాం. రాజు ఒక సామాన్యుడి జాగా గుంజుకుంటే ఏలీయా ప్రవక్త పోయి మొహం మీదే అడిగాడు. ఎకరం ఇరవై గుంటల ముందు కడీలు పాతితే మనం ఏం చేస్తున్నాం?


జూనియర్_లాయర్_హన్మకొండ
సోమవారం, ఉదయం 7:05

కోర్టుకు పోయే ముందు రెండు ముక్కలు రాస్తా, ఎందుకంటే ఇక్కడ చట్టం తెలియక భయపడేవాళ్లు ఎక్కువ, చట్టం తెలియక ఇరుక్కునేవాళ్లూ ఎక్కువ.

ఒకటి, 1988లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం ఏ మతం ప్రార్థనా స్థలాన్నైనా రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదు. కాబట్టి మందిరం లోపల, మైకులో, పార్టీ పేరు గానీ అభ్యర్థి పేరు గానీ రావొద్దు. ఎన్నికల్లో మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద తప్పు, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది, నాలుగు మూడు తేడాతో. ఇది గీత.

కానీ దారి కోసం, జాగా కోసం, కుల సర్టిఫికెట్ కోసం సంఘాలు కలిసి దరఖాస్తు ఇవ్వడం ఈ గీతకు ఇవతలే ఉంది. అది పౌరుడి హక్కు. పాస్టర్ అయినంత మాత్రాన పౌరుడు కాకుండా పోడు. నా సలహా ఒకటే, సంతకాలు మందిరంలో కాదు, ఏదైనా కమ్యూనిటీ హాల్లో పెట్టండి. ఏ పార్టీ మనిషినీ పిలవొద్దు. ఎవరి కారులోనూ పోవొద్దు.

రెండు, పూడ్చడం విషయం. మనకు ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ వైపు, ఒక పాస్టర్ పోతే సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. శవం దాదాపు ఇరవై రోజులు మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2025 జనవరి 27న ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు చెప్పారు. జస్టిస్ నాగరత్న సొంత భూమిలో పూడ్చుకోనివ్వమన్నారు, రెండో జడ్జి కుదరదన్నారు. ఇంక శవాన్ని అట్లా ఉంచలేక, దూరంగా క్రైస్తవులకు కేటాయించిన చోట పూడ్చమని చెప్పి ముగించారు. అంటే కేటాయించిన జాగా ఉందా లేదా అన్నదే చివరికి తేల్చేది. టీచర్ గారూ, మీ ఊళ్లో ఆ జాగా ఉంది. సర్వే నంబర్ ఉందా? పంచనామా కాపీ ఉందా? అవి లేకుండా ఎంతమంది పాస్టర్లు పోయినా ఆఫీసులో కుర్చీ వేసి చాయ్ తాపించి పంపిస్తారు.


కాశిబుగ్గ_యూత్
సోమవారం, ఉదయం 8:40

లాయర్ అన్నా, సర్టిఫికెట్ అన్నారు కదా. నాకు దాని గురించే కడుపు మండుతుంది.

నాకు రెండు పేర్లు. బాప్తీస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు ఒకటి. ఇంట్లో, చర్చిలో ఒక పేరుతో పిలుస్తారు. కాలేజీలో ఇంకో పేరు. స్కాలర్‌షిప్ ఎంక్వైరీకి మనిషి వస్తున్నాడంటే మా అమ్మ గోడ మీది వాక్యం క్యాలెండర్ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి చూస్తున్నా. దేవుణ్ని డబ్బా వెనక పెట్టే గతి మాకు ఎవరు పట్టించారు?

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువులు కాని వాళ్లు ఎస్సీ కారని. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని కలపలేదు. ఊళ్లో మాత్రం మా వాడ వాడే, మా గ్లాసు గ్లాసే. మమ్మల్ని బీసీ సీ లో పెట్టారు. బీసీల్లో ఏ కి 7, బీ కి 10, డీ కి 7, ఈ కి 4, సీ కి 1. ఒక్క శాతం.

ఆ ఉత్తర్వు వచ్చిన ఆగస్టు 10న ప్రతి ఏడాదీ నల్లజెండాల రోజు అంటారు, ఎన్.సి.సి.ఐ. (దేశంలోని చర్చిల జాతీయ కౌన్సిల్) పెద్దలు, ఆర్సీఎం (రోమన్ కాథలిక్) బిషప్పులు కలిసే పిలుపిస్తారు. మా చర్చిలో ఆ రోజు గురించి ఒక్క ప్రకటన కూడా నేను వినలేదు. రిట్రీట్‌కి బస్సు ఎక్కడ ఆగుతుందో మాత్రం మూడు సార్లు చెప్తారు.


జూనియర్_లాయర్_హన్మకొండ
సోమవారం, మధ్యాహ్నం 1:20

తమ్మీ, నువ్వు చెప్పిన సంవత్సరాలు సరైనవే. ఇంకొంచెం కలుపుతా. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఒక మాట అంది, మతం మారిన తర్వాత కూడా అదే స్థాయిలో అణచివేత ఉందని చూపించాలి అని. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టొద్దని సిఫారసు చేసింది. ఇదే విషయం మీద 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఉంది. దీన్ని పరిశీలించమని 2022 అక్టోబర్‌లో కేంద్రం వాళ్లు జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో మాత్రం, చర్చికి పోతూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని సుప్రీంకోర్టు అంది. కాబట్టి మీ అమ్మగారి క్యాలెండర్ సంగతి ఇప్పుడు ఇంకా భయం పెట్టేదే.

ఇది మండలంలో తేలే విషయం కాదు, ఢిల్లీలో తేలేది. కానీ మండలాల నుంచి గొంతు పోకపోతే ఢిల్లీలో ఎవరూ వినరు. పక్క ఆంధ్ర అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి పంపింది. ఎవరో అడిగితేనే కదా చేసింది.


డోర్నకల్_లైన్
సోమవారం, మధ్యాహ్నం 2:02

ఇందులో ఇంకో మెలిక ఉంది. మా వైపు తండాల్లో విశ్వాసులున్నారు, లంబాడా వాళ్లు, ఇంకొంచెం అడవి వైపు పోతే కోయ వాళ్లు. ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. కాబట్టి వాళ్లు సర్టిఫికెట్ పేరుతోనే ఆరాధనకు వస్తారు, భయం లేదు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి దేవుడు బయట, ఒకరికి దేవుడు డబ్బా వెనక. దీని మీద ఎస్టీ విశ్వాసులు కూడా సంతకం పెడితే ఎంత బలం వస్తుందో ఆలోచించండి. తమకు రాని కష్టం మీద సంతకం పెట్టడం అంటే అదే కదా సంఘం.


పాస్టరమ్మ_నర్సంపేట_రోడ్
సోమవారం, మధ్యాహ్నం 3:15

మీరంతా మగవాళ్లు పెద్ద పెద్ద కేసులు మాట్లాడుతున్నారు, మంచిదే. నేను చిన్న సంగతి చెప్తాను.

మా వాడలో బెల్టు షాపు ఉండేది, కిరాణం ముసుగులో. పొద్దున ఆరింటికే తెరిచేవాడు. మా స్త్రీల సమాజంలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సగం మంది ఏడ్చేది దాని గురించే. ఒక శుక్రవారం నేను అన్నాను, ఇట్లా ఏడ్చి ఇంటికి పోవడం ఎన్నాళ్లు అని. మా సంఘం వాళ్లం పన్నెండు మందిమి, పక్క సీఎస్ఐ సంఘం నుంచి తొమ్మిది మంది, పెంతెకోస్తు అక్కలు ఆరుగురు. మా అయ్యగారు ముందు వద్దన్నారు, ఎందుకొచ్చిన గొడవ అని. నేను పోతానంటే తర్వాత ఏమనలేదు.

అప్పుడు ఏమైందంటే, మేం పోయి షాపు ముందు కూర్చున్న రోజు బతుకమ్మ ఆడే అక్కలు, ముస్లిం ఇండ్ల నుంచి ఇద్దరు అవ్వలు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్లను మేం పిలవనే లేదు. వాళ్ల మొగుళ్లు కూడా అక్కడే తాగుతారు మరి. నాలుగు రోజులు కూర్చున్నాం. ఎండకు ఒక అక్క కళ్లు తిరిగి పడిపోతే షాపువాడి భార్యే మజ్జిగ తెచ్చి పోసింది. ఐదో రోజు షట్టర్ దించాడు. తర్వాత వేరే వీధిలో మళ్లీ తెరిచారు, అది కూడా దాచను. కానీ మా వీధిలో పొద్దున ఆరింటికి పిల్లలు ఇప్పుడు ట్యూషన్‌కి పోతారు.

వాక్యమే_ఆధారం అన్నయ్యా, ఆ నాలుగు రోజులూ మేం కూర్చున్న చోట ప్రార్థన ఆగలేదు.


లెస్టర్_నర్సు
సోమవారం, సాయంత్రం 6:48

అందరికీ వందనాలు. మాది పరకాల దగ్గర, ఇప్పుడు ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నా. నైట్ డ్యూటీకి పోయే ముందు రాస్తున్నా.

నేను ఇక్కడ మెథడిస్టు చర్చికి పోతాను. ఇక్కడి బాప్టిస్టు యూనియన్, మెథడిస్టు చర్చి, యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చి కలిసి జాయింట్ పబ్లిక్ ఇష్యూస్ టీమ్ అని ఒకటి నడుపుతాయి. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ కూడా వాళ్లతో కలిసి పనిచేసింది. పేదరికం, శరణార్థులు, యుద్ధాలు, వాతావరణం, ఇట్లాంటి వాటి మీద మూడు చర్చిల తరఫున ఒకే మాట వినిపిస్తారు. 2013లో పేదల మీద జనంలో ఉన్న అపోహల గురించి రిపోర్టు తెచ్చారు, పేదవాళ్లు సోమరులు, తాగుబోతులు, సర్కారు సొమ్ము తిని కూర్చుంటారు లాంటి మాటల్ని లెక్కలు ముందు పెట్టి కాదని చూపించారు. మన దగ్గర కూడా ఇవే మాటలు అంటారు కదా.

2017 ఏప్రిల్ నుంచి ఇక్కడ ఇద్దరు పిల్లలకు మించి ఉంటే మూడో బిడ్డకు సర్కారు సాయం ఆపేశారు. చర్చిలు మొదటి నుంచీ ఇది తప్పని చెప్తూ వచ్చాయి, ఉత్తరాలు రాశాయి, ఇతర మతాల వాళ్లతో, పిల్లల కోసం పనిచేసే సంస్థలతో కలిశాయి. మా చర్చిలో ఆరాధన తర్వాత టీ తాగే టేబుల్ మీద కార్డులు పెట్టేవాళ్లు, మా ఎంపీకి ఎవరికి వాళ్లం సొంత మాటల్లో రాయమని. నేను నా విరిగిన ఇంగ్లీషులోనే రాశా. జవాబు వచ్చింది. 2025 నవంబర్ బడ్జెట్‌లో ఆ పరిమితి తీసేస్తామని ప్రకటించారు. ఎనిమిదేళ్లు పట్టింది. చర్చిల వల్లే అయిందని నేను అనను, చాలా మంది పోరాడారు. కానీ అన్నేళ్లూ వదిలిపెట్టలేదు.

నాకు నచ్చింది ఏంటంటే, ఇక్కడ ఏదో ఒక పెద్దాయన తన ఇష్టానికి మాట్లాడడు. మెథడిస్టు వాళ్లు ఏటా పెట్టే కాన్ఫరెన్స్‌లో చర్చించి తీర్మానం చేస్తారు, దాని మీదే ఆ టీమ్ పనిచేస్తుంది. చారిటీలు కాబట్టి ఏ పార్టీకీ మద్దతు చెప్పకూడదు, చెప్పరు. కవర్ ఇచ్చేవాడికి ఎవరికి ఇవ్వాలో కూడా తెలియదు, ఎందుకంటే నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు.

ఈ మెథడిస్టులే మన మెదక్‌కి మిషనరీగా వచ్చిన పోస్నెట్ దొర చర్చి. కరువులో జనానికి పని, తిండి దొరకాలని ఆ కెథెడ్రల్ కట్టించారు, 1914 నుంచి 1924 క్రిస్మస్ దాకా. అన్నం పెట్టడం, న్యాయం అడగడం మనకు వాళ్లు పుట్టించి ఇచ్చిన అలవాటు అని కాదు, కానీ మన పునాదుల్లోనే ఉంది కదా అని నా బాధ.


హుజూరాబాద్_రిటైర్డ్
సోమవారం, రాత్రి 8:30

నర్సమ్మా, బాగా రాశావు. కానీ అక్కడ మూడు చర్చిలు కలిస్తే కలిసినట్టే. ఇక్కడ ఒక చర్చిలోనే రెండు.

ఎవరూ అనని మాట నేను అంటాను. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్ 14న చట్టం అమల్లోకి వచ్చింది, మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలు. ఆ ఏడాది నేను చూసిన సంఘాల్లో కొన్నిట్లో మాల విశ్వాసులు ఒక వైపు, మాదిగ విశ్వాసులు ఒక వైపు కూర్చున్నారు. నిజంగా, బెంచీలు మారాయి. కాగితం మీద వాళ్లలో చాలామందికి ఆ కోటా రాదు, బీసీ సీ వాళ్లే. అయినా రక్తం ఊరుకోలేదు. ఒక చోట ప్రభురాత్రి భోజనం ఆపేశారు రెండు నెలలు. నేను సంఘ పెద్దగా ముప్పై ఏళ్లు చేశాను, అంత బాధ ఎప్పుడూ పడలేదు.

అందుకని బయటికి పోయి న్యాయం అడిగే ముందు లోపల ఈ గాయం కడగాలి. లేకపోతే కలెక్టరేట్ మెట్ల మీదే మనవాళ్లు విడిపోతారు.


కాశిబుగ్గ_యూత్
సోమవారం, రాత్రి 8:52

తాతా, లోపలి గాయం మానే దాకా ఆగమంటే నా కొడుకు కూడా క్యాలెండర్ డబ్బా వెనకే చూస్తాడు. కలిసి నడుస్తుంటేనే ఆ గాయం మానుతుందేమో. పాస్టరమ్మ గారు చెప్పిన బెల్టు షాపు ముందు ఎవరు మాల, ఎవరు మాదిగ అని లెక్కబెట్టుకుని కూర్చోలేదు కదా.


జమ్మికుంట_పత్తి_మార్కెట్
సోమవారం, రాత్రి 9:20

నేను క్రైస్తవుణ్ని కాదు, హమాలీ యూనియన్‌లో పనిచేస్తా. చదువుతూ ఊరుకోలేక రాస్తున్నా.

మా ఊళ్లో కూడా ఇదే పంచాయితీ వచ్చింది. వైకుంఠధామం కట్టారు, కాల్చడానికి గద్దెలు, స్నానాల గదులు, అన్నీ ఉన్నాయి. పూడ్చుకునే వాళ్లకు మాత్రం చోటు చూపలేదు. క్రైస్తవులే కాదు, మాలో కూడా పూడ్చే ఆనవాయితీ ఉన్న ఇండ్లు చాలా ఉన్నాయి, ముస్లింలు సరే. పాస్టర్లు మొదట వచ్చి "మా మైనారిటీ హక్కు" అని దరఖాస్తు రాస్తే ఊళ్లో ఎవరూ కదల్లేదు, వాళ్ల గొడవ వాళ్లదే అనుకున్నారు. రెండోసారి వాళ్లలో ఒక పెద్దాయన దరఖాస్తు మార్చి రాశాడు. పూడ్చుకునే కుటుంబాలన్నిటికీ జాగా కావాలి, దారి కావాలి, అంతే. మతం పేరు ఒక్కచోటా లేదు. ఆ కాగితం మీద మా యూనియన్ సంతకం పెట్టింది, కుల సంఘాలు పెట్టాయి, మసీదు కమిటీ పెట్టింది. సర్వేయర్ గొలుసు పట్టుకుని వచ్చిన రోజు ఊరు సగం అక్కడే ఉంది. ముప్పై గుంటలు కొలిచి హద్దురాళ్లు పాతారు. నేను స్వయంగా గడ్డపార పట్టిన.

టీచర్ సార్, మీ జాగా క్రైస్తవుల పేరు మీదే ఉంది కాబట్టి అది మార్చమని నేను అనను. కానీ ఆ కడీలు మూసింది మీ దారి ఒక్కటే అయి ఉండదు. ఆ దారిలో ఎవరి పొలాలున్నాయో, ఎవరి బర్రెలు పోతాయో చూడండి. వాళ్లను కూడా తీసుకుపోండి.


బాప్టిస్టు_టీచర్
సోమవారం, రాత్రి 9:47

అన్నా, మీరు రాసింది చదివి లేచి బయటికి పోయి చూసొచ్చినట్టు అయింది. ఆ దారి ఒక్క శ్మశానానిది కాదు. వెనక నాలుగు కుటుంబాల పొలాలున్నాయి, ట్రాక్టర్లు ఇప్పుడు చెరువు కట్ట మీద నుంచి చుట్టు తిరిగి పోతున్నాయి. ఇన్ని రోజులూ నాకు ఆ నాలుగు కుటుంబాలు తట్టలేదు. నేను కూడా మన పదకొండు చర్చిల లెక్కే చూసుకున్నా.

లాయర్ గారు అడిగిన పంచనామా మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆఫీసులో అడిగితే పాత ఫైళ్లు దొరకడం లేదన్నారు.


వాక్యమే_ఆధారం
సోమవారం, రాత్రి 11:16

టీచర్ గారూ, మీరు ఊరి పేరు రాయలేదు కానీ చెరువు కట్ట, కాలేజీ గ్రౌండ్ అన్నాక నాకు అర్థమైంది. నాదీ ఆ ఊరే. మాది మీరు లెక్కబెట్టిన బ్రదరన్ సమాజం.

మా నాన్న సమాధి ఆ కడీల అవతలే ఉంది. రెండేళ్లయింది నేను పోయి. మొదటి ఏడాది కడీల సందులోంచి దూరి పోయా, చొక్కా చినిగింది. తర్వాత పోలేదు. ఆయన కోసం ప్రార్థన ఇంట్లోనే చేసుకుంటున్నాం అని పిల్లలకు చెప్పా. నిన్న మీకు రోమా 13 రాసినప్పుడు కూడా నాకు ఆ చినిగిన చొక్కా గుర్తొచ్చింది. అయినా రాశా. పాస్టరమ్మ గారి మాట చదివాక నిద్ర పట్టడం లేదు.

ముప్పై ఏళ్ల కింద ఆ జాగా కొలిచిన రోజు పంచనామా మీద సాక్షి సంతకం పెట్టిన వాళ్లలో మా నాన్న ఒకడు. ఆయన బైబిల్ సంచిలో కాపీ ఉంది. పచ్చబడింది, మడతల దగ్గర చినిగింది, సర్వే నంబర్ మాత్రం కనపడుతుంది. జిరాక్స్ తీయించి పెట్టా.

రాజకీయం విషయంలో నా మాట నాదే, స్టేజీ ఎక్కను, దండ వేయించుకోను. కాగితం మీద సంతకం పెడతా. కానీ మాకు పాస్టర్ ఉండడు, లెటర్‌హెడ్ ఉండదు, సీల్ ఉండదు. సంతకం ఒక్కటే ఉంటుంది. చెల్లుతుందా?


జూనియర్_లాయర్_హన్మకొండ
మంగళవారం, ఉదయం 6:30

చెల్లుతుంది అన్నా. సీలు కంటే మీ నాన్నగారి సాక్షి సంతకం ఉన్న కాపీ గట్టిది. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి. జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి సోమవారం, పదింటికల్లా కలెక్టరేట్‌లో ఉంటే టోకెన్ ముందు దొరుకుతుంది. దరఖాస్తు మూడు కాపీలు, రసీదు తప్పకుండా తీసుకోండి. పొలాల వాళ్ల నలుగురి పాస్‌బుక్ జిరాక్సులు కూడా జత చేయండి.


బాప్టిస్టు_టీచర్
మంగళవారం, ఉదయం 6:55

అన్నా, శనివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్ అడిగి పెడతా. పదకొండు మందిలో ఇప్పటికి ఏడుగురు పాస్టర్లు వస్తామన్నారు, ఇద్దరు ఆలోచిస్తామన్నారు. ఆ రోజు మా అత్తకు జాగా లేదన్న కమిటీ పెద్దకు కూడా నేనే ఫోన్ చేశా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఎన్ని గంటలకు అని అడిగాడు.

పొలాల వాళ్ల దగ్గరికి ఇవాళ బడి అయ్యాక పోతున్నా. మీరు కూడా వస్తారా? కట్ట దగ్గర వేపచెట్టు కింద ఐదింటికి ఉంటా. మీ నాన్నగారి పేరు దరఖాస్తులో మొదటి పేరాలోనే రాస్తా, స్పెల్లింగ్ మీరు చూసి చెప్పాలి.


వాక్యమే_ఆధారం
మంగళవారం, ఉదయం 7:03

వస్తాను. గడ్డపార కూడా తెస్తా, సమాధి మీద తుమ్మచెట్టు మొలిచి ఉంటుంది.